బాయిలర్ గది

బఫెలోలో మంచు మోకాళ్ల దాకా పడ్డ రాత్రుల్లో
మా నాన్న జిగ్మంట్ నేలమాళిగలో ఉండేవాడు.
నలభై రెండు వాటాల చలిని
ఒక్క పార కొసన మోసేవాడు.
పైన ఎవరికీ ఆయన మొహం తెలీదు.
గొట్టాలు టకటకమంటే మాత్రం
చీపురుకర్రతో నేల పొడిచేవాళ్లు.

ఓసారి నన్ను కిందికి తీసుకెళ్లి
గడియారంలాంటి అద్దం చూపించాడు.
"ముల్లు ఈ ఎర్రగీత దాటిందా,
ఆ బుడిపె తనే లేస్తుంది,
ఆవిరి ఈలేసుకుంటూ పోతుంది.
ఎంత ఇనుముకైనా
నోరు తెరిచే చోటొకటి ఉండాలిరా."
నాకు ఏడేళ్లు. ఈల మటుకు గుర్తుంది,
ఆయన మొలకి వేలాడే ఇత్తడి తాళంచెవీ.

బొగ్గు పోయింది. ఊపిరితిత్తుల్లో దాని నలుపుతో
నాన్నా పోయాడు.
నేను పనిచేసే చోటినీ బాయిలర్ గదే అంటారు.
పొయ్యి లేదు. పదహారో అంతస్తు.
ముప్పై బల్లలు, ముప్పై ఫోన్లు,
కిటికీలకు అంటించిన నల్ల కాగితం,
చొక్కాలు తడిసి, నిలబడి అమ్మే కుర్రాళ్లు.
అమ్మేది, ఎక్కడా లేని రాగిగనిలో షేర్లు.
డెలూకా బల్లెక్కి అరుస్తాడు:
"ఒత్తిడి తగ్గించొద్దు! ఊపిరి తీసుకోనిస్తే ఆలోచిస్తారు!"
ముల్లున్న అద్దం ఏ గోడకీ లేదు.
ఓ గంట ఉంది, అమ్మినప్పుడల్లా కొట్టడానికి.

జనవరిలో డలూత్‌కి ఫోన్ చేశాను.
ఆల్మా లిండ్‌క్విస్ట్, ఎనభై ఒకటి, ఒంటరి,
అని చీటీలో ఉంది.
ఆవిడ హలో వెనకాల
నాకు తెలిసిన టకటక వినపడింది.
చదవాల్సిన కాగితం పక్కన పెట్టేశాను.
"మీ రేడియేటర్‌లో గాలి చేరిందండీ.
పక్కన చిన్న మర ఉంటుంది.
కింద గిన్నె పట్టండి.
తాళంచెవితో పావు వంతు తిప్పండి."
రిసీవర్ ఎక్కడో మెత్తటి దానిమీద పెట్టి వెళ్లింది.
ముందు ఈల. తర్వాత చుక్కలు.
తర్వాత ఏమీ లేదు.
డెలూకా నా వెనకే నిలబడి ఉన్నాడు.

"వెచ్చబడుతోందబ్బాయ్!
నాలుగు రోజులుగా కోటుతోనే పడుకుంటున్నా.
ఎవరు నేర్పారు నీకిది?"
మా నాన్న, అన్నాను.
ఆ రోజు మొత్తంలో నేను చెప్పిన నిజం అదొక్కటే.
"ఇంతకీ ఎందుకు చేశావు ఫోన్?"

చెప్పాను.
పదకొండు వేల డాలర్లు.
ఒక్క ప్రశ్న కూడా అడగలేదావిడ.

గంట కొట్టాను. భుజాలు తట్టారు.
సాయంత్రానికల్లా డెలూకా నా మాటలు టైపు చేయించి
బల్లకో కాపీ పెట్టించాడు.

ఇప్పుడు మంచు పడ్డ ప్రతి పొద్దునా
ముప్పై గొంతులు ఒక్కసారే అంటాయి:
కింద గిన్నె పట్టండి.
పావు వంతు తిప్పండి.