సున్నా

"ఇంటికేం కట్టక్కర్లేదండి,
ఆరొందల పన్నెండు గజాలు, స్థలం రేటే చెప్తున్నా"
అన్నాడు అబ్బులు, స్కూటర్ స్టాండు వేస్తూ.
కాకినాడ, జగన్నాథపురం వంతెన దిగి మూడో సందు.
గేటు తోస్తే తుప్పు చేతికంటింది.
డెబ్బై ఏళ్ళ ఇల్లు.
కాగితం మీద సున్నా.

సున్నాని చూడ్డానికి నేను మేస్త్రిని తెచ్చుకున్నాను.

నూకరాజు ఎక్కువ మాట్లాడడు.
వేలి కణుపుతో గోడని కొట్టి
పుచ్చకాయ కొనేవాడిలా చెవి ఆనిస్తాడు.
పడమటి గది ఖంగుమంది.
వంటిల్లు డొల్లగా గొణిగింది.
అక్కడ నడుమెత్తు దాకా తెల్లటి పొక్కులు.
గోటితో గీకి నాలిక్కి రాసుకున్నాడు.
"ఉప్పుటేరండి. వెంట్రుకవాసి చొప్పున ఎక్కుతుంది.
సున్నమైతే గోడ ఊపిరి తీసుకుంటది,
ఎవరో మా గొప్పగా సిమెంటు పూశారు."

ముందు గదిలో జిలానీ కుట్టు మిషను,
పధ్నాలుగేళ్ళుగా అద్దెకి.
కప్పు కారుతుందా అంటే
తలెత్తకుండా "లేదమ్మా" అన్నాడు,
అప్పజెప్పిన పాఠంలా.
నేల మీద తుప్పు ఉంగరాలు ఐదు,
బకెట్లు పెట్టిన చోట్లు.
నేను లెక్కపెట్టడం చూసి మిషను ఆపాడు.
"పెద్దవానకి ఆరు" అన్నాడు మెల్లిగా,
మళ్ళీ తొక్కాడు.

పైన రంగూన్ టేకు దూలాలు.
అబ్బులు మొహం అప్పుడు వెలిగింది.
"పడగొడితే వీటికే నాలుగు లక్షలండి,
తలుపులకి వేరే పార్టీ ఉన్నాడు,
ఇటుక కూడా పాత ఇటుక, ఊరికే పోదు."
విడదీస్తే దేని ధర దానికి ఉంది.
కలిసుంటేనే సున్నా.
మా ఐసు ఫ్యాక్టరీ వాటాలు తెంపుకున్న రోజు
ఈ లెక్క నేనొకసారి చూశాను.

మా ఆయన దొడ్లో అడుగులు వేస్తున్నాడు,
కింద పార్కింగు, పైన నాలుగంతస్తులు,
గాల్లోకి చెయ్యి చాపి మెట్లు కూడా కట్టేశాడు.

నేను కాగితాలు తిప్పాను.
తూర్పు: నాళం వారి కొబ్బరి దొడ్డి.
పడమర: గానుగ కొట్టు.
దక్షిణం: మురుగుబోదె.
దొడ్డి ఇప్పుడు ఐదంతస్తుల బట్టలారేసిన బాల్కనీలు.
గానుగ ఏమైందో ఎవరికీ తెలీదు.
బోదె మీద రోడ్డు, రోడ్డు మీద ఆటోలు.
ఆ సంగతి బోదెకి చెప్పినవాళ్ళు లేనట్టుంది,
వానాకాలం నీళ్ళు ఇంకా అటే నడుస్తాయట.
అమ్మేవాళ్ళవి ఐదు సంతకాలు,
యానాంలో ఉన్నాయన ఇంకా తేల్చలేదు.

నూకరాజు నిమ్మకాయ అడిగాడు.
దిష్టికేమో అనుకుని దొడ్లో చెట్టున కోసిచ్చాను.
నడిమి హాల్లో నేల మీద పెట్టి వదిలేశాడు.
అది కాసేపు ఆలోచించింది.
తర్వాత బయల్దేరింది,
ఎవరూ తొయ్యకుండానే,
గడప పక్కగా, బీరువా జాడ పక్కగా
పోయి పోయి మూలకి ఆగింది.

"ఈశాన్యం పల్లం! వాస్తు చూశారా!" అన్నాడు అబ్బులు.
"పునాది కుంగిందండి" అన్నాడు నూకరాజు,
"పక్కోళ్ళు బోరేసిన వైపు."

అంతే అడిగాను, నిలబడుద్దా అని.
గడప మీద కూర్చుని బీడీ వెలిగించాడు.
"ఇక్కడ నేలే సెకండ్ హాండండి.
ఎక్కడి కొండల్నో అరగదీసి
గోదారి మోసుకొచ్చి పారబోసింది.
దీని మీద ఏదైనా కొంచెం కుంగుద్ది.
నిలబెట్టేవాడుంటే నిలబడుద్ది,
ఖర్చు మాత్రం అడక్కండి."

లోపలి గదులకి తాళం పడింది.
గడియ బొటనవేలంత లోతున అరిగి ఉంది.
నా వేలు సరిపోయింది.
ఆ మాట కారులో ఎవరికీ చెప్పలేదు.
మా ఆయన దారి పొడుగునా
ఒక్కో అంతస్తూ అమ్ముతూ వచ్చాడు.

పొద్దున్నే ఫోన్ చేశాను.
"అబ్బులూ, ఓసారి ఆ తాళం తీయిస్తావా,
నిమ్మకాయ మర్చిపోయాను."
"నిమ్మకాయా అండీ?"
"ఆయ్. నిమ్మకాయే."