మూడు లాంతర్ల దగ్గర

ఘోషాసుపత్రి లాబ్‌లో నైటు డ్యూటీ దిగి
నేరుగా కంటోన్మెంటుకి పోయేదాన్ని,
చేతులకింకా స్పిరిటు వాసన.
ఇమ్మానుయేలు మాస్టారు అప్పటికే
గోడకి చార్టు తగిలించి ఉంచేవారు.
ప్రతి కార్డుకీ ఒక స్కేలు,
ప్రతి స్కేలుకీ ఒక రంగు పెన్సిలు.
"కార్డు మారిందా, ఇల్లు మారినట్టే.
ఏ గది ఎక్కడుందో తెలీకుండా
చీకట్లో నడిస్తే మోకాళ్ళు పగుల్తాయి."

మేజర్ సెవెన్త్ మీద మధ్యమం దగ్గర
ఎర్రగా చిన్న గీత.
"ఇక్కడ ఆగకు. దాటిపో."

ఇది నాకు తెలిసిన పనే.
స్లైడు మీద రెండు చుక్కలు కలిపి
గడ్డకడుతోందా లేదా అని
దీపానికెత్తి చూడటమే కదా నా ఉద్యోగం!
ఇంటికొచ్చి కావాలనే ఆ మధ్యమం మీద ఆగాను.
గాంధారం పక్కన అది
సరిపడని రక్తంలా పలుకులు పలుకులుగా విరిగింది.

ఆర్నెల్లకి చార్టు మొత్తం వచ్చేసింది.
పాట మటుకు రాలేదు.
నా వేళ్ళు కొత్త ఊళ్ళో
అద్దెగదులు చూసుకుంటున్నట్టుండేవి.
తలుపు తియ్యడం, బావుంది అనడం, తలుపు వెయ్యడం.

తెగిన తీగ కొనుక్కుందామని
మూడు లాంతర్ల దగ్గరకెళ్తే
ఆ కొట్లో తగిలాడు కర్రోతు పోలయ్య.
రైల్వేలో పాయింట్స్‌మన్‌గా చేసి దిగిపోయాడు.
ఎడమ చిటికెనవేలు సగమే ఉంది,
ఎలా పోయిందంటే రోజుకో కథ చెప్తాడు.
గోడకున్న గిటారు తీసి
మూడు స్వరాలు నొక్కాడు.
అందులో ఒకటి వదిలేశాడు.

"ఏడు రంగులేటమ్మా?
నవ్వుతాదో ఏడుస్తాదో గాంధారం సెప్పుద్ది.
ఉంటాదో ఎలిపోద్దో నిషాదం సెప్పుద్ది.
మిగతావన్నీ పెళ్ళికొచ్చిన సుట్టాలు."
"మరి షడ్జం?"
గడ్డంతో బయటి సెంటరు చూపించాడు.
"లాంతరెలిగినా ఎలగకపోయినా
ఈ సెంటరు పేరు మారిందేటి?
బేసోడు మోస్తాడు దాన్ని.
బేసోడు నేకపోతే ఇనేవోడు మోస్తాడు."

మాస్టారికి చెప్పాను. నవ్వలేదు.
"గదులు చూడనివాడు
ఎప్పటికీ గుమ్మంలోనే పడుకుంటాడు."
ఆ మాట పోలయ్యకి మోశాను.
"గుమ్మంలో గాలొస్తాదని సెప్పు."
అలా కొన్నాళ్ళు
ఆ ఇద్దరి మధ్యా నేను గూడ్సు బండిని.

ఒక సాయంత్రం స్టేషన్లో,
పలాస బండి గంటన్నర లేటు,
నేను జీ సెవెన్త్‌లో రెండు తీగలే పట్టుకున్నాను,
గాంధారం మీద ఒక వేలు, నిషాదం మీద ఒకటి.
సాగనంపడానికొచ్చిన పోలయ్య
ఆ సగం వేలు చాపి
అయిదో తీగ నాలుగో మెట్టు నొక్కి
మూడూ కలిపి మీటాడు.

నా వేళ్ళు వెంట్రుకవాసి కదల్లేదు.
అయినా గాంధారం నిషాదమైపోయింది,
నిషాదం గాంధారం.
పక్క లైన్లో బండి కదిలితే
మన బండే కదిలినట్టుంటుందే, అలా,
కడుపులో ఒక చిన్న జారుడు.

"రాయగడ నుంచొచ్చినా,
సికాకులం నుంచొచ్చినా,
ఇజీనారం టేసనొకటేనమ్మా" అన్నాడు,
వేలు తీసి, బీడీ కోసం జేబు తడుముకుంటూ.

సెలవు నుంచి వచ్చిన మర్నాడే
మాస్టారి ముందు అది వాయించాను.
ఎవరు నేర్పారో చెప్పలేదు.
అడగలేదాయన.
పెన్సిలు చెక్కుకుని స్కేలు గీయడం మొదలెట్టారు,
డీ ఫ్లాట్ నుంచి, ఒక్కో మెట్టూ, ఓపిగ్గా.
"దీనికి శుద్ధ మధ్యమం పనికిరాదు. ప్రతి మధ్యమం.
దాని మీద ఎంతసేపైనా ఆగొచ్చు."
ఆ చుక్క పెట్టి చూస్తే
అది జీ.
పోలయ్య ఆర్పేసిన లాంతరు.

మాస్టారు పెన్సిలు ఎత్తి
చాలాసేపు కాగితం వైపే చూశారు.
"ఆ గుమ్మంలో పడుకునేవాడు
ఎక్కడుంటాడన్నావు?"

బాబామెట్ట అన్నాను.
ఆయన చెప్పుల కోసం వెతుక్కుంటున్నారు.
ఒకటి మంచం కింద దొరికింది.