అరవై హెర్ట్జ్ దగ్గర

తల్కవానో రేవులో సార్డీన్ల వాసన పలచబడే వేళకి
మా కొట్టుకొచ్చాడు దోన్ హసింతో.
ముప్పై ఒక్క ఏళ్ళు చేపల ఓడ పొట్టలో
డీజిలు ఇంజనుకి చాకిరీ చేసినవాడు.
"బరువుగా మోగేది కావాలి" అన్నాడు,
బంగాళాదుంపల బస్తా అడిగినట్టు.

నా దగ్గర రెండున్నాయి.
ఒకటి నల్లది, లావుపాటి దిండ్లది.
దానికి పుట్టుకతోనే బేస్ ఎక్కువ.
ఏ పాట పెట్టినా ముందు తనే అందుకుంటుంది,
ఎవరి మాటా పూర్తికానివ్వని మా చిన్నాన్నలా.
రెండోది బూడిదరంగు. పథ్యం కూడు.
ఉన్నది ఉన్నట్టు చెబుతుంది,
ఉప్పు మనమే వేసుకోవాలి.

"రెండోది తీసుకోండి, ఉప్పు నేను వేస్తాను" అన్నాను.
కమిషను దానికే ఎక్కువ. ఆ సంగతి చెప్పలేదు.

ఓడ అమ్ముడుపోయే ముందురోజు
ఆయన ఫోనులో పట్టుకున్న చప్పుడు,
నాలుగు నిమిషాలు, ఉత్త ఇంజను.
జంట తీగ పెట్టి బూడిదది ఆయనకిచ్చి
నల్లది నేను తగిలించుకున్నాను.
గురగుర నా దవడల్లోకి దిగింది.
మా ఊళ్ళో అలాంటిది వినపడితే
ఎవరైనా ముందు దీపం వంక చూస్తారు, ఊగుతోందేమోనని.
నేనూ చూశాను.
ఆయన కళ్ళు మూసుకుని
"ఇంకా కింద, ఇంకా కింద" అన్నాడు.

తెర మీద పది గీతలు, పది జారుడు గుండీలు.
అరవై హెర్ట్జ్ దగ్గరది పైకి తోశాను.
చప్పుడు చిరిగింది, తడి కాగితంలా.
"ఒకదాన్ని లేపాలంటే
ముందు అన్నిటినీ దించాలి" అన్నాను,
మా యజమాని నాకు చెప్పిన మాటే.
ఓడలో జీతాల సంగతీ అంతేనట.

మొత్తం ఆరు డెసిబెల్లు దించాను.
మళ్ళీ బేస్ లేపబోయి
తొందరలో గుండీని కిందికి లాగేశాను.
ఇంజను నీట మునిగినట్టు పోయింది.

దాని వెనక ఎవరో.
మగ గొంతు.
పాడుతోంది.
శ్రుతి లేదు, సిగ్గూ లేదు,
ఒకటే చరణం, మాటలు మరిచిన చోటల్లా
లాలాలతో అతుకులు.

"ఎవడు వీడు?" అన్నాడు హసింతో.
ఇంజను గదిలో మేం సైగలతోనే మాట్లాడుకుంటాం,
నోరు తెరిచి లాభం లేదు, అన్నాడు.
ఆ రోజు కింద ఎవరెవరున్నారని అడిగాను.
వేళ్ళు మడవడం మొదలుపెట్టి
మొదటి వేలి దగ్గరే ఆగిపోయాడు.

దిండ్ల అంచుల్లోంచి చెవులు ఎర్రబడ్డాయి.
ముప్పై ఒక్క ఏళ్ళు
తన చెవిన కూడా పడకుండా పాడుకున్నాడు మనిషి.

"పెంచు" అన్నాడు. ఏది అని నేనడగలేదు.
ఇంజను పెంచాను, పాట మునిగింది.
"తగ్గించు." తేలింది.
"పెంచు."
మధ్యలో వెంట్రుకవాసి చోటొకటి ఉంది,
రెండూ సర్దుకుని కూర్చునే చోటు.
అక్కడ ఆపి చూపించాను.
నాలుగు నిమిషాలూ రెండుసార్లు విన్నాడు.

చివరికి నల్లదే కొన్నాడు.
"వాడికి అదే మంచిది" అన్నాడు నోట్లు లెక్కపెడుతూ.
వాడు, అన్నాడు.
అట్టపెట్టె కూడా వద్దన్నాడు.
నా కమిషనూ నా ఉప్పూ బల్ల మీదే ఉండిపోయాయి.

పోయిన గురువారం రేవు గట్టు మీద కనపడ్డాడు.
చెవులకి నల్ల దిండ్లు, కళ్ళు మూత,
పక్కన సముద్రసింహం ఒకటి ఎండకి పొర్లుతోంది.
లోపల ఆయనకి ఇంజను.
బయట మాకందరికీ పాట.
గొంతు చించుకుని, శ్రుతి తప్పి, అదే చరణం.
చేపలు కోసే ఆడవాళ్ళు కత్తులాపి
ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు.

భుజం తట్టి చెబుదామని
రెండడుగులు వేశాను.
తర్వాత సార్డీన్లు కిలో కొనుక్కుని
ఇంటికొచ్చేశాను.