నిలబడినందుకు

లెక్కల పుస్తకం ముందు సీట్లో ఉంటుంది,
జారిపోకుండా దానికో రబ్బరు బ్యాండు.
మొదటి పేజీలో నా రాత కుదురుగానే ఉంది:
డీజిలు, టోలు, గ్యాసు, కొత్తిమీర.
నేలకి కూడా ఒక గడి గీయాలని
అప్పుడు తోచలేదు.

ఎనిమిదేళ్లు బడిపిల్లల్ని మోసిన బండి ఇది.
సుంకన్న సీట్లు పీకి మంచం బిగించాడు,
పసుపు మీద తెల్లరంగు కొట్టించాడు.
కిటికీ చువ్వల దగ్గర మాత్రం
పసుపు ఇంకా తొంగిచూస్తుంది.
మారతహళ్లి ఇల్లు ఖాళీ చేసిన రోజు
ఓనరమ్మ అడ్వాన్సులో పెయింటింగుకని నెల అద్దె పట్టుకుంది.
"ఇంక జన్మలో అద్దె కట్టను" అన్నాడు సుంకన్న
స్టీరింగు మీద చెయ్యి పెట్టి, ఒట్టేసినట్టు.

కనకపుర రోడ్డులో తొలి రాత్రి.
గేటు దగ్గర కుర్రాడు టార్చి వేసి
ముందు బండి పొడుగు చూశాడు, తర్వాత మమ్మల్ని.
బండికి తొమ్మిది వందలు.
మనిషికి మూడు వందల యాభై.
కరెంటు తీగ తగిలిస్తే రెండు వందలు.
చలిమంట కట్టెలు విడిగా,
శనివారం కాబట్టి పైన ఇంకో రెండు వందలు.
జీఎస్టీ సంగతి పొద్దున మాట్లాడదామన్నాడు, దయగలవాడు.
"మంచం మాదే, పొయ్యి మాదే,
దుప్పటి, దోమతెర అన్నీ మావే,
ఇందులో మీదేముంది బాబూ?" అన్నాను.
కుర్రాడు కాసేపు ఆలోచించి
బూటుకాలితో నేలని మెల్లగా తట్టాడు.

ఆ రాత్రి నిద్రపట్టక
పాత అద్దెని ముప్పైతో భాగించాను.
పద్దెనిమిది వేలు. రోజుకి ఆరు వందలు.
ఆ ఆరు వందల్లోనే రెండు గదులు, కుళాయి,
పక్కింటి కుక్కరు కూతలు,
ఎవరైనా అడిగితే చెప్పడానికి ఒక అడ్రసు.
ఇక్కడ రెండు వేలకి నక్షత్రాలన్నారు.
మబ్బు పట్టింది, అది వాళ్ల తప్పు కాదు.
సుంకన్న కప్పు వైపు చూస్తూ పడుకున్నాడు,
పెదాలు కదులుతున్నాయి,
అతనూ భాగిస్తున్నాడనుకుంటా.

కదిలితే డీజిలు,
నిలిస్తే నేల.

చెరువు పక్కన ఆపి చూశాం ఒకసారి.
పోలీసాయన లాఠీతో అద్దం మీద కొట్టాడు,
మర్యాదగానే.
రసీదు లేని రేటు అది,
పుస్తకంలో 'ఇతరములు' అని రాశాను.

హొసకోట దాటాక ఒక పెట్రోలు బంకు వెనక
లారీల వరసలో మా బండిని దూర్చాం.
పదకొండింటికి వాచ్‌మన్ వచ్చాడు,
మా మాట విని కన్నడంలోంచి తెలుగులోకి దిగాడు.
వి.కోట పక్కన పల్లె, పేరు గంగులప్ప.
"ఇట్లాటి బండ్లు నిలిపేదానికి దుడ్లు తీసుకుంటారంట గదమ్మా,
ఒగ రాత్రికి ఎంత?"
చెప్పాను.
వేళ్ల కణుపులు లెక్కపెట్టాడు,
ఆరో కణుపు దగ్గర ఆగి నవ్వాడు.
"నా జీతం మీకు ఆరు రాత్రులు."

నేనేం అనలేదు.
రాత్రంతా నిలబడినందుకు అతనికి ఇస్తారు,
రాత్రంతా నిలబడినందుకు మేం ఇస్తాం,
ఆ రెండు నిలబడటాలనీ
ఏ గడిలో కలిపి కూడాలో నాకు రాలేదు.

లోపల చూస్తానని చెప్పులు విడిచి ఎక్కాడు.
పరుపుని వేలితో నొక్కాడు, కూర్చోలేదు.
కిటికీ మూల ఎవరో గీకిన అక్షరాలకి
టార్చి దగ్గరగా పెట్టి కూడబలుక్కున్నాడు:
హర్షిత, మూడు బి.
మూడు నెలలుగా ఆ కిటికీ కిందే పడుకుంటున్నాం,
మేం చూడలేదు.

వంద తీసిస్తే వద్దన్నాడు.
"మీ బ్యాటరీకి నా ఫోను తగిలించొచ్చునా?
మేనేజరు ఆఫీసుకి బీగమేసుకుని పోయినాడు."
తెల్లవార్లూ అతని ఫోను
మా బియ్యం డబ్బా మీద
పచ్చగా మిణుకుతూ పడుకుంది.

పొద్దున రాశాను:
హొసకోట. నేల, సున్న.
కరెంటు, ఒక ఫోనుకి.
జమా, ఖర్చా అని సుంకన్నని అడిగాను.
అద్దం మీది మంచు అరచేత్తో తుడుస్తూ
ముందు ఎక్కి కూర్చో అన్నాడు.
వెనక లారీ అప్పటికే హారను మొదలుపెట్టింది.