పాలకోవా లెక్క

గువ్వలచెరువులో బండి ఆపి
పాలకోవా కొనకుండా ఘాటు దిగేవాడు కాదు ఖాదర్‌వలీ మామ.
తినడానికి కాదు.
కాగితం పొట్లం తెచ్చి
డ్యాష్‌బోర్డు మీద సరిగ్గా నడిమధ్య పెట్టేవాడు.
"కడపలో తిందాం. అద్దం దిక్కు జారిందనుకో,
ఈ పొద్దు నీకు కోవా లే."

అట్ల రెండేండ్లు
కోవా తినకుండానే డ్రైవరీ నేర్చుకున్నా.

మామకు బడి తెలీదు.
రాయచోటి బయట ఒక మధ్యాన్నం
సుద్దముక్క చేతికిచ్చి రోడ్డుకు అడ్డంగా గీత గీయమన్నాడు.
నలభైలో వచ్చి గీత కాడ తొక్కినాడు.
దిగి అంగలేస్తే పదహారు.
ఎనభైలో వచ్చి తొక్కినాడు.
లెక్కపెడతా లెక్కపెడతా
కానుగ చెట్టు దాటి, మైలురాయి దాటి
అరవై నాలుగు కాడ నిలబడినా.
"నువ్వు వేగం రెండింతలు చేసినావు,
రోడ్డు నాలుగింతలు అడిగింది.
ఇది ఎండలో ధర.
వానలో ధర నేను చెప్పను, వానే చెప్తాది."

ఇంకా ఏమేమో చెప్పేవాడు, బీడీ ఆరిపోయేదాకా.
రోడ్డు మీద కొర్రలు ఆరబోసింటారు,
చక్రం ఎక్కించినావా, గింజలు గోలీలైతాయి.
జమ్మలమడుగు దావలో ట్రాక్టరు టైర్లు మోసుకొచ్చిన నల్లరేగడి
తడిసిందంటే సబ్బే.
రాత్రి నీ లైటు ఎంత దూరం పోతాదో
అంతలో ఆగేంత వేగమే నీది.
ఆ అవతలి చీకటి పరాయి సొత్తు.

మొన్న మృగశిర కార్తెలో
నాలుగు వందల బాక్సుల టమాటా.
సేటు ఫోను మీద ఫోను:
"వేలంపాటకు ముందే దింపాల."
ఘాటు తలకాయన తుంపర మొదలైంది.
పొట్లం నడిమధ్య పెట్టినా.
క్లీనరు ఓబులేసు నిద్రలో ఉన్నాడు.
నా చెయ్యి గేరు రాడ్డు మీద
న్యూట్రల్ దిక్కు పోయింది. అబద్ధమెందుకు.
ముందర ఒకడు అట్లే జారుకుంటా పోతాండాడు,
ఇంజను సప్పుడు లేకుండా, దయ్యం మాదిరి.

ఎక్కేటప్పుడు ఏ గేరో దిగేటప్పుడూ అదే.
రెండో గేరు వేసినా.
మిట్ట ఎక్కుతున్నట్టే మూలిగింది బండి.

గట్టి వాన పడితే రోడ్డు కడుక్కుపోతాది.
ఇది కడిగే వాన కాదు.
ఆర్నెల్ల దుమ్ము, కారిన ఆయిలు, అరిగిన రబ్బరు,
అన్నిటినీ తట్టి లేపి
రోడ్డు మీదే వదిలిపెట్టే వాన.

మూడో మలుపులో వాసన.
లైనరు కాలే వాసన.
గుండె జల్లుమనింది.
మాది కాదు, ముందు పోయినోడిది.

ఐదో మలుపులో వాడు
కొండ చరియకు బండి పక్క మొత్తం రుద్ది నిలబెట్టినాడు.
డ్రైవరు తడి రోడ్డు మీద కూసోని
తన అరచేతులు తానే చూసుకుంటాండాడు.
నీళ్లిచ్చినాం. తాగలే.
వెనక మలుపు కాడ కొమ్మలు ఇరిచి అడ్డం పెట్టినాం,
క్రేను వచ్చేదాకా ఓబులేసు టార్చి ఊపినాడు.

కడప చేరేసరికి తెల్లారింది.
పాట అయిపోయింది.
సేటు నా బాడుగలో ఐదు వందలు కోసినాడు,
నోరు మాత్రం కోసుకోలే, శానాసేపు తిట్టినాడు.

ఓబులేసు బకెట్టు తెచ్చినాడు చక్రాలు కడగను.
"ఆగు. ముందు చెయ్యి పెట్టి చూడు."
వెనక డ్రమ్ముకు చేతి వెనక ఆనించి
"వెచ్చగుందన్నా, అంతే. టీ గ్లాసు మాదిరి" అన్నాడు.

కోవానా?
జానెడు జారింది.
మూడో మలుపులో, ఆ వాసనకు
అదిరి కాలు వేసింది నేనే.
మామ ఉంటే నాకు పెట్టడు.
పొట్లం పొట్లం వానికే ఇచ్చేసినా.