పేరు, ఊరు, వచ్చిన పని

అచ్చంపేట బస్టాండు ఎనుక
సైకిలు పంచర్ల దుకాణం మీద మేడ.
ఆరు గదులు. ఒక్కదాంట్లనే కూలరు,
అది గూడ నీళ్లు పోస్తేనే.
బోర్డు మీద "లాడ్జి"ల ఆఖరి అక్షరం రాలి ఆరేండ్లు,
ఎవ్వరూ తొవ్వ తప్పలేదు.

చైత్రపున్నానికి ముందు మెట్లు అరుస్తయి.
సలేశ్వరం పోయేటోళ్లు గదికి పదిమంది,
డాబా మీద పండేటోళ్లకు లెక్కలేదు.
పోయేటప్పుడు గొంతులు,
వచ్చేటప్పుడు ఉత్త కాళ్లే వస్తయి నా కాడికి.
బొబ్బలెక్కినయి, రాళ్లు కోసినయి,
చెంచు పిల్లగాడు కట్టిన ఆకుపసరుతోని పచ్చవడ్డయి.
గంగాళంల ఉప్పునీళ్లు కాగబెడ్త.
"ఎంతక్కా?" అంటరు.
గదికి పైసలు, నీళ్లకేంది?
సీసాల తెచ్చిన గుండం నీళ్లు
గుక్కెడు నా దోసిట్ల పోస్తరు.
నేను గా లోయ ఎన్నడూ దిగలేదు.
సీజన్ల లాడ్జి ఇడిసి ఎట్ల పోదు?

మృగశిరల అంత ఖాళీ.
కురిసేకాడ మూడు గిన్నెలు వెడ్త,
ఒక్కో గిన్నె ఒక్కో తీరు మోగుతది.
అప్పుడొచ్చేది విత్తనాల మనుషులే,
బండి మీద సంచులు, జేబుల రంగుకాయితాలు.
ఈయేడు గట్లనే వచ్చిండు మద్దిలేటి,
కర్నూలు దిక్కు మనిషి. అయిదో నంబరు.
మెత్తనోడు. తిన్న పళ్లెం తనే కడిగెటోడు.
ఆయన మాట మీద మా తమ్ముడు బాలీశ్వరయ్య
నాలుగెకరాలు పెట్టిండు.

మొలిచింది. మంచి ఏపుగ మొలిచింది.
కాయ పట్టలే.
నడుముల దాక పచ్చగ నిలవడి
పిడికెడు దూది ఇయ్యని పత్తిని సూసిన్రా మీరు?
నేను సూసిన.
నడిచేన్ల మా తమ్ముడు ఉలకక నిలవడితే
చెట్టు ఏదో మనిషి ఏదో తెల్వలే.

దసరా దాటినంక,
పల్లీల సేట్లు ఇంక దిగకముందు,
రాత్రి పదకొండింటికి ఆఖరి బస్సు దిగి
మెట్ల కాడ నిలవడ్డడు మద్దిలేటి.
గడ్డం పెరిగింది. సంచి లేదు.
"అక్కా, గది కావాల. పేరు రాయకుండా..."
రిజిస్టరు ముంగట వెట్టిన.
పెన్ను మూత తీసి ఇచ్చిన.

రాసిండు. పేరు. ఊరు.
"వచ్చిన పని" కాడ చెయ్యి ఆగింది.
లైటు చుట్టు పురుగులు.
కింద పంచర్ల దుకాణం కుక్క
రెండుసార్లు మొరిగి, ఊకుంది.
అప్పుడు రాసిండు, గడి దాటిపోయేటట్టు:
"మొకం సూపియ్యడానికి."

నాకు కోపం లేదంటే అబద్ధం.
పొయ్యి మీద ఓ దిక్కు అది కాగుతనే ఉంది,
ఇంకో దిక్కు జొన్నరొట్టె కాల్చిన.
పుంటికూర తొక్కు, ఉల్లిగడ్డ.
ఆయన మొకం దిక్కు సూడకుంట వడ్డించిన.
రెండు రొట్టెలు తిన్నడు, మూడోది అడగలే,
నేనే ఏసిన.
ఎప్పటి లెక్కనే పళ్లెం కడుగవోయిండు.
"ఆడ వెట్టు" అన్న.
మర్యాద చేసిన్నో, శిక్షనే ఏసిన్నో
ఇప్పటికీ తెల్వదు నాకు.

తెల్లారి ఇద్దరం పోయినం తమ్ముని చేనుకు.
ఇరవై ఏండ్లల్ల ఆ మెట్లకు పొద్దుగాల్ల తాళమేసింది
గదొక్కసారే.
తాళం తుప్పువట్టి, నూనె పోస్తె గని తిరగలే.
చేన్ల ఎవరు ఏమన్నరో
రిజిస్టర్ల దానికి గడి లేదు.

ఇప్పుడు చలి ముదిరింది.
కంబళ్లు డాబా మీద ఆరేసిన.
ఏ గది ఊడిస్తె ఆ గదిల పల్లీల పొట్టు.
మొన్న మా తమ్ముడు వచ్చి
అయిదో నంబరు కిటికీ రెక్క సరిజేసి పోయిండు,
అడగకుంటనే.
గద్వాల సేటుకు మాత్రం ఈ చలిల గూడ కూలరు గదే కావాల్నట,
మోత లేకుంటె నిద్రవట్టదట.
బకిట పట్టుకొని పోతున్న, నీళ్లు పోయాలె.