రేకుడబ్బా తాళంచెవి

స్టవాంగర్‌లో మమ్మల్ని లేపింది కోడికూత కాదు.
ఒక్కో ఫ్యాక్టరీకి ఒక్కో ఈల.
మాది చివర్లో కాస్త గొంతు జీరపోయేది,
నిద్రలో కూడా పోల్చుకునేదాన్ని.
ఈల పడిందంటే పడవలొచ్చాయని,
చేప ఎవరికోసమూ ఆగదని.
చంటిదానికి పాలిస్తున్నా సరే, దించేసి
తలగుడ్డ ముడేసుకుంటూ పరుగు.

ఉప్పునీళ్లలోంచి తీసిన వేలెడు చేపల్ని
కళ్లలోంచి ఇనపపుల్ల దూర్చి దండ గుచ్చడం,
పొగగూటికి పంపడం,
తలలు తెగి వచ్చినవాటిని
డబ్బాలో పక్కపక్కనే పడుకోబెట్టడం.
డబ్బాకి ఇంతని కూలి.
గంటల లెక్క కాదు, వేళ్ల లెక్క.

ఊలౌగ్‌కి వేళ్లు తొమ్మిది.
పదోది, కుడి చిటికెనవేలు, కోత మిషను తీసుకుంది.
ఆ పూట మేనేజరు డబ్బాలన్నీ తెరిపించి వెతికించాడు.
దొరికింది లెండి.

నా మొగుడు సీవర్ట్ మూతలకి టంకం వేసేవాడు.
కాలర్ పెట్టుకుని పనికెళ్లే దర్జా.
ఒక వసంతంలో మూతలు నొక్కే మిషను దిగింది.
అది పూటకెన్ని మూస్తుందో
గుమ్మం దగ్గర నిలబడి లెక్కపెట్టాడు.
ఇంటికొచ్చి ఆ లెక్క చెప్పలేదు.
తర్వాత ఊళ్లో కెటిళ్లకి చిల్లులు పూడ్చి బతికాడు.

మావాడు తోర్లైఫ్‌కి లేబుళ్ల పిచ్చి.
అచ్చాఫీసు వెనక చెత్తలో ఏరి
పాత పద్దుపుస్తకంలో అంటించేవాడు:
కిరీటం పెట్టుకున్న సింహం,
మబ్బు మీద రైలు,
మంచులో ఒంటె,
చేతిలో విసనకర్రతో ఏ దేశపుదో ఒక రాణి.
ఒక రాత్రి అడిగాడు,
"అమ్మా, సింహం చేప రుచా, రాణి చేప రుచా?"
రెండూ ఒక్క బల్ల మీదివేరా, ఒక్క పడవవి,
పొద్దున సింహం,
కాఫీ తాగొచ్చాక రాణి, అన్నాను.
వాడు ఒప్పుకోలేదు.
"రాణి ఖరీదు రెండింతలు కదా!"
అప్పుడే అనుకున్నాను,
వీడు చేసేవాడు కాడు, అమ్మేవాడవుతాడని.

అయ్యాడు. లండన్‌లో.
పెట్టె నిండా నమూనా డబ్బాలు.
సెలవులకొచ్చినప్పుడు నవ్వుతూ చెప్పాడు:
అక్కడి దొరసానులు డబ్బా తిరగేసి మరగేసి అడుగుతారట,
ఎవరూ చేత్తో ముట్టుకోలేదు కదా అని.
"లేదు మేడమ్" అంటాడట.
నేను చేతులు ఎప్రన్ కింద పెట్టుకున్నాను,
చలికే.

పందొమ్మిదేళ్లు ఆ నూనెలో మునిగి తేలాను గానీ
ఒక్క డబ్బా కొని ఎరగను.
మా ఇంట్లో ఆదివారం కూడా
బంగాళాదుంప, ఉప్పు హెర్రింగే.

ఈ చలికాలం ఊలౌగ్ పోయింది.
ఊపిరితిత్తులు. పొగ.
మోసినవాళ్లు పెట్టె తేలిగ్గా ఉందన్నారు.

మార్చిలో, ఫ్యేల్డే కొట్లో, పై అరలో
దుమ్ము పట్టిన రాణి ఒకతి కనపడింది.
ఎందుకు కొన్నానో తెలీదు.
వంటింట్లో నిలబడే తాళంచెవి తగిలించి తిప్పాను.
రేకు చాపలా చుట్టుకుంటూ పోయింది,
సగంలో మొరాయించింది,
కత్తి పెట్టి పెకలించాను.

పన్నెండు చేపలు.
పదకొండు తీరుగా ఉన్నాయి.
చివరిది వాలిపోయి
పక్కదాని భుజం మీద ఆనుకున్నట్టు.
చిటికెనవేలు లేని చెయ్యే అట్లా పెడుతుంది.
దానికోసం ఫోర్‌మన్ దాన్ని ఎన్ని తిట్లు తిట్టాడో,
ఎన్ని డబ్బాల కూలి కోశాడో.

స్టూలు లాక్కుని కూర్చున్నాను.
మూడేళ్ల కిందటి ఊలౌగ్ మధ్యాహ్నం ఒకటి
నూనెలో
చెడకుండా.

రొట్టె కోసుకున్నాను.
వాలినదాన్ని చివరికి అట్టేపెట్టి
అన్నీ తిన్నాను.
తర్వాత దాన్నీ.
నూనె బావుంది.
ఉప్పే, ఒక రవ్వ ఎక్కువ.